మటన్ కొట్టులో మెక్సికో రొట్టె

మేకమాంసం రుచి ఎలా ఉంటుందో నాకు తెలియదు. మాది వైశ్యుల ఇల్లు. పుట్టింట్లో గాని అత్తింట్లో గాని కోడిగుడ్డు కూడా గడప దాటి లోపలికి రాలేదు. అయినా నరసరావుపేట మొత్తం మీద మెక్సికో వాళ్ల మేకకూర గురించి నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదని నా నమ్మకం. ఎందుకంటే ఆ కూర ఉడికింది మా కిరాణా కొట్టుకి ఎదురుగా, రోడ్డుకి అవతల ఉన్న మటన్ కొట్టులో. దాని ఆవిరంతా నేరుగా మా గల్లాపెట్టె మీదికి వచ్చేది. తినేవాళ్లు వచ్చి రెండు నిమిషాల్లో తిని వెళ్లిపోయేవారు. నేను పొద్దున్నుంచి సాయంత్రం దాకా పీల్చేదాన్ని.

ఆ మటన్ కొట్టు పెద్దదేమీ కాదు. రేకుల వసారా, ముందు ఒక చింతమొద్దు, పైన కొక్కేలు, వెనక ఇల్లు. ఆదివారం తెల్లారేసరికి జనం బారులు తీరతారు. మిగతా రోజుల్లో పదింటికల్లా కొట్టు భాయ్ ఈగలు తోలుకుంటూ కూర్చుంటాడు. మా రెండు కొట్లూ ఏళ్ల తరబడి ఎదురెదురుగా ఉన్నా ఎప్పుడూ మాటా మాటా రాలేదు. మా ఇంటికి చుట్టాలొచ్చారని తెలిస్తే భాయ్ అడక్కుండానే ఆకుపచ్చ పరదా దించేసేవాడు. రంజాన్‌కి సేమియా, జీడిపప్పు, ఖర్జూరం మా దగ్గరే కొనేవాడు. ఒకే వీధిలో బతకడానికి అంతకు మించిన ఒప్పందాలు అక్కర్లేదు.

ఈ మెక్సికో వ్యవహారమంతా తెచ్చింది ఆ భాయ్ చెల్లెలు. ఆమె మొగుడు లారీ డ్రైవరు. మాచర్ల వైపు ఇంకో కాపురం పెట్టాడు. తగువు పడి, పంచాయితీ పెట్టి, చివరికి విసిగిపోయి, పాలు మానిన ఆడపిల్లని అన్నా వదినల చేతుల్లో పెట్టి ఆమె కువైట్ వెళ్లిపోయింది. అక్కడ ఒక ఇంట్లో వంటపని. బట్టలూ, ఫోనూ, చాక్లెట్లూ క్రమం తప్పకుండా వచ్చేవి. మనిషి మాత్రం ఎప్పుడో ఒకసారి నెల సెలవు మీద వచ్చి పోయేది. పిల్ల కాస్త దగ్గరికి వచ్చేలోపు విమానం టైమయ్యేది. ఆ పిల్ల ఇంటర్‌లో చేరిన ఏడు, ఎండాకాలం చివర్లో ఆమె సామానంతా సర్దుకుని వచ్చేసింది.

వచ్చిన వారానికి మా కొట్టు మెట్లెక్కింది.

"అక్కా, సున్నం ఉందా?"

"తమలపాకుల్లోకా, గోడలకా?" అన్నాను పప్పు జోకుతూనే.

"తినేదానికే. ఒక కిలో ఇవ్వు."

చేతిలో పప్పు చేతిలోనే ఉంచి తలెత్తాను. "ఏమే, కిలో సున్నం తినేదాకా వచ్చిందా నీ కష్టం?"

ఆమె పడీ పడీ నవ్వింది. ఎండకి కమిలిన సన్నటి ముఖం, కళ్ల కింద నల్లటి చారలు. ఆ ముఖంలో అంత నవ్వు ఉందని నేను అనుకోలేదు. బియ్యం బస్తా మీద కూర్చుని సంగతంతా చెప్పింది. కువైట్‌లో ఆమె పని చేసిన ఇంటావిడది మెక్సికో దేశం. భర్తకి చమురు కంపెనీలో ఉద్యోగం. పగలంతా ఇంట్లో ఉండేది ఈ ఇద్దరే. ఇంటావిడకి వాళ్ల దేశపు తిండి మీద బెంగ పుట్టినప్పుడల్లా వంటింట్లోకి వచ్చి, ఈమెను పక్కన నిలబెట్టుకుని, చేసి చూపించేది.

"ఒకే వంటింట్లో ఇద్దరం ఏడ్చేవాళ్లం అక్కా," అంది. "ఆమెకి వాళ్లమ్మ గుర్తొచ్చేది. నాకు నా కూతురు. పని మాత్రం ఆగేది కాదు."

మెక్సికోలో మొక్కజొన్నను సున్నపు నీళ్లలో ఉడికించి, రాత్రంతా నాననిచ్చి, పొట్టు పోయేదాకా కడిగి రుబ్బుతారట. సున్నం పడితేనే ఆ పిండి సాగుతుందట. లేకపోతే రొట్టె విరిగిపోతుందట. ఆ రొట్టెల్లో మేకమాంసం పెట్టుకుని తింటారు. ఇంకో సంగతి చెప్పింది. ఇంటావిడ సొంత ఊళ్లో పేటకో మటన్ కొట్టు ఉంటుంది, అందులో ఒక పక్క పచ్చిమాంసం, ఇంకో పక్క పెనం. కూలివాళ్లూ డ్రైవర్లూ అక్కడే నిలబడి తిని పోతారు. పెద్ద హోటళ్లలో ఎంత పోసినా ఆ రుచి రాదని ఇంటావిడ అనేదట.

"మా అన్న కొట్లో తలకాయలు, కాళ్లు, బోటి మిగిలిపోతన్నయ్ గదక్కా. నేనో పెనం పెడతా. ఇది నిలబడితే ఈడే ఉంటా. నిలబడకపోతే మళ్లీ పోవటమే. ఈసారి పోతే ఆ పిల్లకి నేను ఫొటోలో మనిషినే."

ఆ చివరి మాట మామూలుగానే అంది. గోడలకి వేసే సున్నం కాకుండా, తాంబూలానికి వాడే మెత్తటి పిడుగురాళ్ల సున్నం కట్టి ఇచ్చాను.

సున్నం సంగతి రెండు రోజుల్లో వీధంతా పాకింది. మటన్ కొట్లో తిండిలో సున్నం కలుపుతున్నారనీ, పేగులు కాలిపోతాయనీ ఒకటే గుసగుసలు. మా కొట్టుకి వచ్చిన ప్రతి ఒక్కరూ నన్నే నిలదీసేవారు. మా అత్తగారికి ఎనభై దాటాయి. కొట్టు అరుగు మీద కుర్చీ వేసుకుని రోజంతా ఆకూ వక్కా నములుతూ ఉంటుంది. ఆవిడ కూడా ముక్కున వేలేసుకుని, "హవ్వ, సున్నం తింటారటే!" అంది. అప్పుడు ఆవిడ చూపుడువేలికి సున్నం ఉంది. నేను ఆ వేలు కేసి చూశాను. ఆవిడా చూసుకుంది. "ఇది వేరు," అంది. ఆ సాయంత్రానికి ఆవిడే వచ్చిన వాళ్లందరికీ, సున్నం పడితే ఎముకలకి మంచిదని చెప్పడం మొదలుపెట్టింది.

అచ్చంపేట వైపు నుంచి భాయ్ మొక్కజొన్న బస్తాలు తెప్పించాడు. కోళ్ల మేతకి పోయే పసుపుపచ్చటి గింజ తప్ప వేరే దొరకలేదు. తెల్లగింజ అయితే బాగుండేదని ఆమె సణిగింది గానీ దానితోనే సర్దుకుంది. వడ్రంగి చేత తుమ్మచెక్కతో ఒక అచ్చు చేయించింది. రెండు పలకలు, మధ్య ఒక మడతబందు. పాల పాకెట్ల కవర్లు కడిగి కత్తిరించి, రెండు కవర్ల నడుమ పిండిముద్ద పెట్టి పైపలక నొక్కితే అరచేతి అంత రొట్టె వచ్చేది. పెనం మీద వేయగానే అది పొంగేది. ఆ వాసన నేను ఎప్పుడూ ఎరగను. మొక్కజొన్న కంకి కాల్చిన వాసనా, కొత్తగా సున్నం కొట్టిన గోడ మీద తొలి వాన పడ్డ వాసనా కలిసినట్టు ఉండేది.

మొదటి రోజు మొదటి వాయిలోంచి నాలుగు రొట్టెలు, వేరే పళ్లెంలో, పైన బట్ట కప్పి, రోడ్డు దాటి తెచ్చి ఇచ్చింది. "మాంసం సామాను ఏదీ తగల్లేదక్కా. పెనం కొత్తది," అంది. ఏం చేయాలో తోచలేదు. అత్తగారు అరుగు మీద కునుకు తీస్తోంది. పప్పు బస్తాల వెనక్కి వెళ్లి, నిలబడే, కాస్త ఉప్పూ నెయ్యీ రాసుకుని తిన్నాను. రెండు తిందామనుకున్నాను. నాలుగూ తినేశాను.

కూర సంగతి వాసన మీద ఆధారపడి చెబుతున్నాను. ఎండుమిరపకాయలు గింజలు తీసి, వేయించి, నానబెట్టి రుబ్బేది. అందులో లవంగం, దాల్చినచెక్క, జీలకర్ర, వెల్లుల్లి, కొంచెం వెనిగర్. వాళ్ల దేశపు ఆకు ఒకటి కావాలట, దాని బదులు మా పెరట్లో వామాకు కోసుకుపోయి ఎండబెట్టి వాడేది. తలకాయ మాంసం, నాలుక, కాళ్లూ ఆ ముద్దలో కలిపి, దేక్సా మూతకి పిండి పూసి మూసేసి, తుమ్మకట్టెల సెగ మీద గంటల తరబడి వదిలేసేది. మూత తీసినప్పుడు వీధిలో బళ్లు నెమ్మదించేవి. ఆ మాంసాన్ని కత్తితో సన్నగా తరిగి, రెండు రొట్టెల్లో పెట్టి, పైన పచ్చి ఉల్లిపాయ ముక్కలు, కొత్తిమీర, నిమ్మరసం. పక్కన స్టీలు గ్లాసులో ఆ మాంసం ఉడికిన వేడివేడి రసం. ఇరవై రూపాయలకి కడుపు నిండేది.

దానికి మెక్సికోలో ఏదో పేరుంది, ఆమె బోర్డు మీద రాయించింది కూడా. జనం మాత్రం కువైట్ రొట్టె అన్నారు. "కువైట్ కాదు, మెక్సికో," అని ఆమె ఓపిగ్గా దిద్దేది. "ఏదైతే ఏందక్కా, ఇంకో రెండు కొట్టు," అనేవాళ్లు. పోట్లాటల్లా కారం దగ్గరే. వాళ్ల దేశపు మిరపకాయలో రంగు ఎక్కువ, మంట తక్కువ అట. అందుకని ఆమె తూచి వేసేది. ఒక పెద్దమనిషి తిని, మూతి తుడుచుకుని, "కూర బాగానే ఉందమ్మా, కారం వెయ్యటం మర్చిపోయినట్టున్నావు," అన్నాడు. ఆమె ముఖం మాడిపోయింది. ఆమె కారం పెంచలేదు. పక్కన ఒక గిన్నెలో పచ్చిమిరప తొక్కు పెట్టి, "ఎవడికి కావాల్సినంత వాడు ఏసుకోండి," అంది. మొండిది. నాకు అందుకే నచ్చింది.

ఆటోవాళ్లు వచ్చారు. మిర్చి గోదాముల హమాలీలు వచ్చారు. కారంపూడి బస్సు ఎక్కబోయే వాళ్లు సంచీ చంకన పెట్టుకుని వచ్చి తిని పోయేవాళ్లు. దసరా నాటికి మధ్యాహ్నం పూట మటన్ కొట్టు ముందు నిలబడటానికి చోటు లేదు. భాయ్ ఈగలు తోలుకోవడం మానేసి చెల్లెలికి ఉల్లిపాయలు తరిగి ఇచ్చేవాడు.

ఆ పిల్ల మాత్రం రాలేదు. కాలేజీ నుంచి వచ్చి, పెనం పక్కనుంచే నడిచి, తల తిప్పకుండా లోపలికి పోయేది. లోపల మేనమామ భార్య ఉండేది. ఆమెనే అమ్మీ అనేది, ఆమె వండిన పప్పే తినేది. కన్నతల్లిని ఏమని పిలిచేదో నేను ఎప్పుడూ వినలేదు. పనిబడితే ఎదురుగా వెళ్లి నిలబడి మాట్లాడేది గానీ దూరం నుంచి పిలిచేది కాదు. తల్లి రొట్టె పెనం మీద వేసి, పిల్ల వీపు లోపలికి మాయమయ్యేదాకా చూసేది. ఎన్నోసార్లు ఆ రొట్టె మాడింది.

"తిడితే బాగుండు అక్కా," అని ఒకసారి అంది. "ఎందుకు పోయావని ఒక్కసారి అడిగితే చెప్పుకుంటా. అది అడగదు."

"దాని వయసు అటువంటిది," అన్నాను.

తరవాత కార్తీకమాసం వచ్చింది.

మా వీధిలో మాంసం తినేవాళ్లలో సగం మంది కార్తీకమాసం నోరు కట్టేసుకుంటారు. మిగిలిన సగంలో సగం మంది మాల వేసుకుంటారు. నిన్నటిదాకా బోటి రొట్టెలు లొట్టలేసుకుంటూ తిన్న హమాలీలు, ఒక పొద్దున నల్లబట్టలు కట్టుకుని, నుదుట గంధం పెట్టుకుని, చెప్పుల్లేని కాళ్లతో మా కొట్టు మెట్ల మీద బారుగా నిలబడ్డారు. రోడ్డు దాటలేదు. అక్కడినుంచే కేకేశారు.

"అక్కా! ఇంక మేం దీక్ష అయినాకే!"

"మంచిది స్వామీ," అని అవతలినుంచి ఆమె నవ్వుతూ చెయ్యూపింది. ఆ పూట దేక్సా అడుగున కూర అలాగే మిగిలిపోయింది.

ఆమె ఊరుకోలేదు. మెక్సికోలో నాగజెముడు కూర చేస్తారట. మా పల్నాడులో నాగజెముడుకి ఏం కొదవ. కొండవీడు దారి పొడుగునా గట్ల మీద అదే. తమ్ముడి వరస అయ్యే ఆటో అబ్బాయిని వెంటబెట్టుకుని వెళ్లి లేత మట్టలు కోసుకొచ్చింది. ముళ్లు మంటమీద కాల్చి, గీకి, ముక్కలు తరిగి, ఉప్పేసి బంక పోయేదాకా కడిగి, కొత్త మూకుట్లో ఉల్లిపాయా టమాటాతో వేయించింది. బొబ్బర్లు ఉడికించి మెదిపింది. భాయ్ చేత మొద్దు కడిగించి గోనెపట్టా కప్పించింది. మాంసమంతా లోపలికి మార్పించింది. పెనం మీద కొత్త బోర్డు: శాకాహార రొట్టెలు.

అదే ఆమె చేసిన పొరపాటు. అన్నేళ్లు ఊళ్లో లేని మనిషికి తను ఏం మరిచిపోయిందో కూడా తెలియదు. "ఎవరూ రారే," అని నేను చెప్పాను. "మాంసం లేదు గదక్కా, ఎందుకు రారు?" అంది అమాయకంగా.

మాల వేసుకున్న వాళ్లు మా మెట్ల మీద నుంచే చూశారు. ఆమె రెండు చేతులూ ఊపుతూ పిలిచింది. "స్వామీ, అన్నీ కూరగాయలే! రండి!"

"కొక్కేలు ఉన్నయ్ గదక్కా," అన్నాడు ఒకాయన, నొచ్చుకుంటూనే.

అంతే. కొక్కేలకి ఏమీ వేలాడటం లేదు. అయినా అవి కొక్కేలు. నోరు కట్టుకున్నవాడు మటన్ కొట్టు ముందు నిలబడి పచ్చి మంచినీళ్లు కూడా తాగడు. ఇక కార్తీకంతో సంబంధం లేని వాళ్లు కొందరు వచ్చారు. వాళ్లు వచ్చిందే మాంసం కోసం. నాగజెముడు చూసి, "కరువొస్తే మేకలకి పెట్టేది మాకు పెడతన్నావేంది," అని నవ్వి వెళ్లిపోయారు. మటన్ కొట్టులో కూరగాయ వండితే ఇటు వాళ్లూ రారు, అటు వాళ్లూ రారు. నాకు మాత్రం ఆ నాగజెముడు కూర చాలా నచ్చింది. లేత బెండకాయలో చింతచిగురు కలిపినట్టు ఉంది. నేను ఒక్కదాన్ని ఎంత తిన్నా ఒక దుకాణం నిలబడదు కదా.

మిగిలిన రొట్టెలు సాయంత్రానికి ఇంట్లోవాళ్లకే పెట్టేది. ఒక్కటి పారేసేది కాదు. ఎండిన వాటిని మర్నాడు ముక్కలు చేసి వేయించేది, అప్పటికీ మిగిలితే పులుసులో వేసేది. పరాయి ఇంట్లో అన్నేళ్లు వండి పెట్టిన మనిషికి తిండి పారేయడానికి చెయ్యి రాదని నాకు చెప్పింది. భాయ్ ఏమీ అనలేదు. వదిన కూడా ఏమీ అనలేదు, ఆమె చాలా మంచిది. వాళ్లు ఏమీ అనకపోవడమే ఆమెకి భరించడం కష్టమైంది.

ఒకరోజు మధ్యాహ్నం చూస్తే పొయ్యి ఆరి ఉంది. గ్రైండరు కడిగి బోర్లించి ఉంది. తుమ్మచెక్క అచ్చు గోడకి ఆనించి ఉంది. ఆమె వచ్చి మా బియ్యం బస్తా మీద కూర్చుంది.

"ఏజెంటు ఫోన్ చేశాడక్కా. కువైట్‌లోనే ఇంకో ఇల్లు. రేపు గుంటూరులో మెడికల్ టెస్టు. ఎల్లుండి శుక్రవారం పొద్దున ఆయనే వచ్చి పాస్‌పోర్టు తీసుకుపోతాడు."

"కార్తీకం అయిపోయాక జనం మళ్లీ వస్తారే," అన్నాను.

"వస్తారు. మళ్లీ శ్రావణం వచ్చుద్ది. మళ్లీ కార్తీకం వచ్చుద్ది. అన్న మీద ఎన్నాళ్లు పడి తినేది?"

"పిల్లకి చెప్పావా?"

"చెప్పా. సరే అంది."

"సరే అందా?"

"సరే అని పుస్తకం తీసుకుంది."

నాకు విపరీతమైన కోపం వచ్చింది. ఆ పిల్ల మీద వచ్చింది, ఎప్పుడో మాచర్ల పోయిన ఆ లారీ మొగుడి మీద వచ్చింది, కొక్కేలు చూసి వెనక్కి తిరిగిన వాళ్ల మీద వచ్చింది. వాళ్లలో సగం మంది మా కొట్టు బేరాలే. "పో, పోయి మళ్లీ ఎవరి వంటింట్లోనో ఏడువు," అన్నాను. అన్నాక నాకే ఏడుపొచ్చింది. ఆమె నా చెయ్యి ఒకసారి పట్టుకుని, లేచి వెళ్లిపోయింది.

గురువారం పొద్దున్నే గుంటూరు బస్సెక్కింది. ఆ సాయంత్రం దీపాలు పెట్టే వేళ, నేను కొట్లో ఒక్కదాన్నే ఉన్నాను. ఆ పిల్ల మెట్లెక్కి వచ్చింది. కాలేజీ బట్టలు కూడా మార్చుకోలేదు. మా కొట్టుకి ఎప్పుడూ ఒంటరిగా వచ్చిన పిల్ల కాదు.

"పెద్దమ్మా, సున్నం కావాలి."

"దేనికే?"

"మొక్కజొన్నల్లోకి. మామూ పొయ్యి అంటించాడు. పెద్ద దేక్సాలు రెండు అటక మీద నుంచి దించాం. ఎంత నీళ్లకి ఎంత సున్నం వేస్తదో మాకు తెలవదు."

"మీ అమ్మ చేయమందా?"

"ఆమె గుంటూరు పోయింది గదా." పిల్ల గల్లాపెట్టె అంచు గోటితో గీకుతోంది. నా వైపు చూడటం లేదు. "రాత్రికి వచ్చుద్ది. వచ్చేలోపల నానబెట్టేస్తే పొద్దున రుబ్బాలి గదా. రుబ్బితే కాల్చాలి. పారబొయ్యదు పెద్దమ్మా. ఏదీ పారబొయ్యదు ఆమె. నేను చూశా."

నేను సున్నం డబ్బా మూత పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఈ పిల్ల తల తిప్పకుండా పోతుందని అనుకున్నాం అందరం. అంతా చూస్తూనే ఉంది.

"పెద్దమ్మా," అంది మళ్లీ. ఈసారి తలెత్తి నా వైపు చూసింది. "ఎంత నానబెడితే ఉండిపోద్ది?"

"ఇంట్లో ఎంత ఉంది?"

"అర బస్తా."

"అంతా నానబెట్టు," అన్నాను.

సున్నం కట్టి ఇచ్చాను. ఎంత నీళ్లకి ఎంత వేయాలో, గింజ ఎప్పుడు దించాలో నాకు తెలిసినంత చెప్పాను. ఆమె మా బస్తా మీద కూర్చుని చెప్పిన కబుర్లలో వంటకి సంబంధించినవి నాకు ఎప్పుడో కంఠతా వచ్చేశాయి. పిల్ల పరుగున రోడ్డు దాటింది. పరదా వెనక పొయ్యి వెలుగులో భాయ్ కట్టెలు ఎగదోస్తున్నాడు. వదిన గరిటె పట్టుకుని నిలబడి ఉంది. చెల్లెలు పోవడం వాళ్లకీ ఇష్టం లేదని నాకు అప్పుడు తెలిసింది. అడ్డం పడటానికి వాళ్లకి మాట దొరకలేదంతే.

శుక్రవారం నేను కొట్టు తలుపులు తీసేసరికే ఆమె అరుపులు రోడ్డు ఇవతలికి వినిపిస్తున్నాయి. "ఎవరే నానబెట్టింది ఇంత? ఊరంతటికీ పెళ్లి చేస్తన్నావా? ఎవరు తింటారే ఇదంతా? పారబొయ్యమంటావా?" తిడుతూనే పొట్టు కడుగుతోంది. తిడుతూనే గ్రైండరు వేసింది. తిట్టమని, అడగమని ఎన్నాళ్లో ఎదురుచూసిన మనిషి, చివరికి తానే తిడుతోంది. పిల్ల మారు మాట్లాడకుండా బిందెలతో నీళ్లు పోస్తోంది.

కాసేపు చూశాను. తరవాత ఒక శుభ్రమైన వెదురుబుట్టలో తెల్లగుడ్డ పరిచి, రోడ్డు దాటి, వేడివేడి ఉత్త రొట్టెలు బుట్టనిండా పెట్టించుకుని వచ్చి మా గల్లాపెట్టె పక్కన పెట్టాను. మా వీధిలో షుగరు లేని ఇల్లు లేదు, రాత్రిపూట రొట్టె తినని ముసలివాళ్లు లేరు. మా అత్తగారు బుట్ట వైపు చూసింది, రోడ్డు అవతలికి చూసింది, మళ్లీ బుట్ట వైపు చూసింది. ఇంక పెద్ద రగడ తప్పదనుకున్నాను.

"మెత్తగా ఉన్నయ్యటే?" అంది.

ఒకటి తుంచి ఇచ్చాను. ఆవిడ తింటుంటే చూసిన వాళ్లు కొని ఇంటికి పట్టుకుపోయారు. కిరాణా కొట్లో ఉంటే అది కిరాణా సరుకే. ఎవరు చేశారని ఒక్కరూ అడగలేదు. అందరికీ తెలుసు.

పదకొండింటికి ఏజెంటు మోటారుసైకిలు వచ్చి మటన్ కొట్టు ముందు ఆగింది. చేతిలో తోలుసంచీ. నేను కొట్లోంచి లేచి మెట్ల మీదికి వచ్చి నిలబడ్డాను. ఆమె బయటికి వచ్చింది. మోచేతుల దాకా పిండి, నుదుటి మీద పిండి, కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"పాస్‌పోర్టు తేమ్మా, టైమ్ లేదు," అన్నాడతను.

"యాడ తెచ్చేది అన్నా," అంది ఆమె, రెండు చేతులూ చూపిస్తూ. "చూడు ఎట్టా ఉన్నయ్యో. ఇల్లంతా నానబెట్టి పెట్టింది. ఈ పిండి అయిపోయేదాకా నేను కదల్లేను."

"ఎప్పటికి అయిపోద్ది?"

ఆమె వెనక్కి తిరిగి పిల్ల వైపు చూసింది. లోపల గ్రైండరు దగ్గర కూర్చున్న పిల్ల తలెత్తి, వీధంతా వినేలా చెప్పింది.

"అయిపోదు."